మూడుసార్లు పంపాను

జూన్ 4, సోమవారం

అక్క ఫోన్ చేసింది. పిల్లల పుట్టినరోజులకి తప్ప మూడేళ్ళుగా నా నంబరు గుర్తురాని అక్క. "పొట్టీ, ఎలా ఉన్నావే?" అని మొదలుపెట్టింది, నిన్ననే ఇద్దరం కలిసి కూరగాయలకి వెళ్ళొచ్చినట్టు.

అసలు విషయం నసిగి నసిగి చెప్పింది. షాపు నుంచి వెళ్ళే మెయిళ్ళు అందరి దగ్గరా స్పామ్‌లో పడుతున్నాయట. కొన్ని వెనక్కి వచ్చేస్తున్నాయట. మెట్ల కింద అరలో ఉన్న మెయిల్ సర్వర్ రోజుకి రెండుసార్లు ఆగిపోతోందట. ఎవరినో పిలిస్తే అతను ముందు పాస్‌వర్డ్ చెప్పమన్నాడు. షాపులో ఒక్కరికీ తెలీదు.

తెలిసినదాన్ని మెడపట్టి గెంటారుగా మరి. ఎలా తెలుస్తుంది?

"బావ అడగమన్నారా?" అన్నాను.

"అబ్బా, ఎవరడిగితే ఏంటే?" అంది. అంటే అడగమన్నాడన్నమాటే.

ఇరవై రెండు అక్షరాల పాస్‌వర్డ్. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఫోన్లో చెప్పేసి ఊరుకోవచ్చు కూడా. కానీ నేనే వచ్చి కొత్త సర్వర్ పెడతానన్నాను. అక్క ఎంత సంతోషించిందో! ఫోన్ పెట్టేశాక నాలో నేను నవ్వుకున్నాను. మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "నీ మొహం చూస్తే సర్వర్ పెట్టడానికి వెళ్తున్నట్టు లేదు, నిప్పు పెట్టడానికి వెళ్తున్నట్టుంది" అన్నాడు.

ఈ మనిషికి అప్పుడప్పుడు నిజాలు తెలిసిపోతుంటాయి.

జూన్ 5, మంగళవారం

మర్చిపోతానని కాదు, రాసుకుంటే కసి చల్లారకుండా ఉంటుందని రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట, ఓ మధ్యాహ్నం. మా తూకం యంత్రాల షాపు. ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు పసిపిల్లల తూకం యంత్రాలు నలభై కావాలని బావకి మెయిల్లో ఉత్తరం రాశారు. గడువులోగా కొటేషన్ పంపాలి. కొటేషన్లు రాసేది నేను. గడువు దాటిపోయింది, ఆర్డరు ఇంకొకరికి పోయింది. బావ అందరి ముందూ నా మీద వేలెత్తాడు. "ఆ ఉత్తరం మూడుసార్లు పంపాను నీకు. మూడుసార్లు! తెరిచి చూడ్డానికి కూడా తీరిక లేదా?"

నా ఇన్‌బాక్స్ తెరిచి అందరికీ చూపించాను. ఒక్కటంటే ఒక్కటి లేదు. "మీరు పంపినవాటి పెట్టె తెరవండి బావగారూ" అన్నాను. తెరిచాడు. ఖాళీ! ముందురోజువి కూడా లేవు. ఆసుపత్రివాళ్ళ ఉత్తరం కూడా లేదు. దొంగ కాకపోతే ఎవడైనా అంత శుభ్రంగా తుడిచిపెట్టుకుంటాడా? ఆ ఉత్తరం తనే చూసుకోక చెరిపేసి, నేరం నా నెత్తిన రుద్దాడు.

అయినా బయటికి నడవాల్సింది నేనే అయింది. "పని మీద ధ్యాస లేనివాళ్ళకి ఇక్కడ చోటు లేదు" అన్నాడు. అక్క గోడకి ఆనుకుని నేల చూపులు చూసింది. తూకాలు బిగించే మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పుకుంటూ నిలబడ్డాడు. నాన్న తన చేతులతో పెట్టిన షాపు. నాన్న పోయాక పదకొండేళ్ళు గొడ్డుచాకిరీ చేశాను. తాళాలు విసిరికొట్టి వచ్చేశాను.

ఆ కోపంలో ఒక్కటి తట్టలేదు. సర్వర్ ప్రతి ఉత్తరం గురించీ ఒక లైను రాసిపెట్టుకుంటుంది. ఎవరు పంపారు, ఎవరికి, ఎన్నింటికి. దాన్ని లాగ్ అంటారు. మనిషి పెట్టె ఖాళీ చేసుకోవచ్చు, లాగ్ జోలికి మాత్రం పోలేడు. అది ఇంకా ఆ మెట్ల కింద ఉంది. బావ నాకు మూడుసార్లు పంపి ఉంటే మూడు లైన్లు ఉండాలి. ఉండవు. ఎందుకుంటాయి?

నాకో పద్ధతి ఉంది. ఎక్కడ కొత్త సర్వర్ పెట్టినా మొదటి ఉత్తరం నేనే రాస్తాను. అందరి పెట్టెలకీ ఒకేసారి. సబ్జెక్టు: పరీక్ష. ప్రతి ఒక్కరూ "అందింది" అని జవాబు రాయాలి. ఆఖరి జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవను.

ఈసారి పరీక్ష ఉత్తరానికి ఆ లాగ్ అతికిస్తాను. అందరూ చదవాలి. చదివి, "అందింది" అని రాయాలి. బావ కూడా. నా తడాఖా ఏంటో అప్పుడు తెలుస్తుంది.

జూన్ 7, గురువారం

వెళ్ళాను. బావ అద్దాల గదిలోంచి లేచొచ్చి, "రండి మేడమ్" అన్నాడు. మేడమ్! పెళ్ళయిన మర్నాటి నుంచీ "పొట్టీ, మంచినీళ్ళు" "పొట్టీ, నా కళ్ళజోడేదీ" అన్న మనిషి. ఒళ్ళు మండిపోయింది. నేనూ తక్కువ తిన్నానా, "నమస్కారం సార్" అన్నాను.

మనిషి తగ్గాడు. చొక్కా జేబు నిండా చిన్న చిన్న చీటీలు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి ఒక చీటీ తీసి చూసుకుంటాడు. కొత్త వేషం.

మెట్ల కింద అర తెరిస్తే దుమ్ము మొహాన కొట్టింది. పాత సర్వర్ ఫ్యాన్ మూలుగుతోంది పాపం. పదకొండేళ్ళు దాన్ని నేనే సాకాను. పాస్‌వర్డ్ కొట్టగానే తెరుచుకుంది. దీనికైనా నేను గుర్తున్నాను.

వర్క్‌షాపులో పై అరలో గుడ్డ కప్పి ఏదో ఉంది. "అదేంటి మేస్త్రీ?" అన్నాను. "ఆసుపత్రి శాంపిలు చిన్నమ్మా" అన్నాడు. అప్పుడు తన చేత్తో చేసిన ఒకే ఒక్క పసిపిల్లల తూకం. తొట్టిలా వంపు తిరిగిన పళ్ళెం. అమ్మలేదు, విప్పలేదు. "సార్ ముట్టుకోనివ్వరు" అన్నాడు.

పాపం, గిల్లుతోంది కాబోలు మనసు.

జూన్ 8, శుక్రవారం

ఇవాళ నాలుగుసార్లు మేడమ్ అన్నాడు. లెక్కపెట్టాను.

జూన్ 12, మంగళవారం

కొత్త మెషిన్ నిలబడింది. కానీ సర్వర్ పెట్టడమంటే మెషిన్ పెట్టడం కాదు, పరువు పెట్టడం. "మా పేరు మీద ఉత్తరాలు పంపే హక్కు ఈ ఒక్క మెషిన్‌కే ఉంది" అని లోకానికంతా కనబడేలా ఒక రికార్డు రాయాలి. ప్రతి ఉత్తరానికీ మెషిన్ సంతకం పడేలా తాళంచెవులు తయారుచేయాలి. సంతకం కుదరని ఉత్తరం వస్తే ఏం చేయాలో ఇంకో రికార్డు. ఇవన్నీ ఉంటేనే అవతలి సర్వర్లు మనల్ని గుమ్మంలోకి రానిస్తాయి. నిన్నంతా అదే పని.

ఇంత చేసినా ఉత్తరాలు తిరుగుటపాలో వచ్చాయి. తవ్వితే తేలిందేంటంటే, ఇంటర్నెట్ కంపెనీ మాకిచ్చిన అడ్రసు ఇదివరకు ఎవడో దౌర్భాగ్యుడు వాడాడు. దాంట్లోంచి లక్షల చెత్త ఉత్తరాలు పంపాడు. దాంతో ఆ అడ్రసు నల్లజాబితాకెక్కింది. వాడు పోయాడు, మచ్చ మాకు మిగిలింది. కంపెనీని వేరే అడ్రసు అడిగాను.

"ఎవడో చేసినదానికి మనకెందుకే శిక్ష?" అంది అక్క.

"అదేగా నేనూ మూడేళ్ళ నుంచి అడుగుతున్నది!" అన్నాను. అక్క మొహం మాడిపోయింది. అద్దాల గదిలో బావ తల వంచుకునే ఉన్నాడు. విన్నాడు. వినాలనే అన్నాను.

పరీక్ష ఉత్తరంలో లాగ్ పెడతానని కూడా అక్కకి చెప్పేశాను. "అంత అవసరమా?" అంది. అవసరమే.

జూన్ 13, బుధవారం

ఒక పని చేశాను. బావ పెట్టెకి వచ్చేవీ, అందులోంచి వెళ్ళేవీ అన్నీ గుట్టుగా నాకో కాపీ వచ్చేలా ఒక నియమం రాశాను. ఒకే ఒక్క లైను. అతనికి తెలిసే దారి లేదు.

తప్పేం కాదు. సర్వర్ సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి కదా. పనిచేస్తోంది.

జూన్ 16, శనివారం

మూడు రోజులుగా బావ ఉత్తరాలు చదువుతున్నాను. స్ప్రింగుల కంపెనీ, తూకాల తనిఖీ ఆఫీసు, ఎవరో చెప్పుల వ్యాపారి సలాములు. ఒక్క వెధవ పనీ దొరకలేదు. ఇంత ఉత్త మనిషనుకోలేదు.

ఇవాళ ఒకటి దొరికింది. ఒక మతిమరుపు డాక్టరుకి రాశాడు. "మొదటి సంఘటన మూడేళ్ళ కిందటిది. ఒక ముఖ్యమైన ఉత్తరం మూడుసార్లు పంపినట్టు నాకు స్పష్టంగా గుర్తుంది. కానీ పంపలేదని తేలింది. పంపుతూ ఏ కుర్చీలో కూర్చున్నానో కూడా గుర్తుంది. అప్పటి నుంచీ నా జ్ఞాపకాన్ని నేను నమ్మలేకపోతున్నాను. తాళం వేశానా లేదా అని నాలుగుసార్లు చూసుకుంటాను. వచ్చే నెల నుంచి షాపు సంతకాలు నా భార్యకి అప్పగిద్దామనుకుంటున్నాను."

చదివి చప్పట్లు కొట్టాను. మతిమరుపట! తప్పించుకోవడానికి భలే సాకు దొరికింది. డాక్టరు కాగితం తెచ్చి చూపిస్తాడు కాబోలు, "నా తప్పేం లేదు, జబ్బుది" అని. నా చెవిలో పువ్వులేమైనా కనబడ్డాయా ఇతనికి!

రేపు ఆదివారం. షాపుకి సెలవు. తాళాలు అడిగి తీసుకున్నాను. పాత లాగ్ బయటికి తీస్తాను.

జూన్ 17, ఆదివారం

మూడు లైన్లు ఉన్నాయి.

జూన్ 17, మళ్ళీ

ఆ మెషిన్ గడియారం అప్పుడప్పుడు తప్పేది. అవి వేరే ఉత్తరాలు కావచ్చు. రోజుకి ముప్ఫై, నలభై పంపేవాడు నాకు. ఏది వచ్చినా నాకు తోసేయడమే, కింద ఒకటే మాట, "చూడు". స్ప్రింగుల ప్రకటన వస్తే చూడు. ఎవరో పంపిన జోకు వస్తే చూడు. ఆ గోలలో ఏవో మూడు అయ్యుంటాయి.

లైను చివర ఏ ఫోల్డర్లో పడిందో కూడా రాసుంది. అది చదివాను.

లేదు, రేపు రాస్తాను.

జూన్ 18, సోమవారం

గోల.

ఫోల్డర్ పేరు గోల. నేను పెట్టిన పేరే.

ఆసుపత్రి గొడవకి నాలుగు నెలల ముందు ఒకరోజు బావ పొద్దుటి నుంచి మధ్యాహ్నం లోపు యాభై రెండు "చూడు"లు పంపాడు. నాకు తిక్కరేగింది. కూర్చుని ఒక నియమం రాశాను. బావ దగ్గర్నుంచి వచ్చి, ఎఫ్‌డబ్ల్యూ, అంటే ఫార్వర్డ్, అని మొదలయ్యే ప్రతిదీ, చదివేసినట్టు గుర్తు పడిపోయి, గోల అనే ఫోల్డర్లోకి వెళ్ళిపోవాలి. ఒక వారం పాటే అనుకున్నాను. ఆ వారం ఎంత ప్రశాంతంగా ఉందో! తర్వాత తీయడం మర్చిపోయాను. తర్వాత అలాంటిదొకటి ఉందన్న సంగతే మర్చిపోయాను. నాకు రాలేదు రాలేదు అని అరిచి అందరికీ చూపించింది ఇన్‌బాక్స్ మాత్రమే.

ఆ ఫోల్డర్లో నాలుగువేల పైచిలుకు ఉన్నాయి. ఆసుపత్రిది మూడుసార్లు ఉంది. మొదటిదాని కింద "చూడు". రెండోదాని కింద "పొట్టీ, ఇది అర్జెంటు, చూడు". మూడోదాని కింద "పొట్టీ, రేపే ఆఖరు రోజు. నామీద కోపమా? ఉంటే తర్వాత పోట్లాడుకుందాం, ముందు ఇది చూడు."

ఇంకోటి కూడా దొరికింది. నా పంపినవాటి పెట్టెలో. బావకి నేనే రాశాను: "మీ పెట్టె మళ్ళీ నిండిపోయింది. ఎన్నిసార్లు చెప్పాలి మీకు? నాకు పంపేసిన వెంటనే వచ్చిందీ పంపిందీ రెండూ చెరిపేయండి. రోజూ చెరిపేయండి." పాపం, చెరిపేశాడు. నేను చెప్పినట్టే, రోజూ.

జూన్ 19, మంగళవారం

పాత పెట్టెలు కొత్త మెషిన్‌లోకి ఎక్కించాను. అందరివీ ఎక్కించాను. నా పాత పెట్టె ఒక్కటే ఎక్కించలేదు. అవసరమేముంది? ఆ అడ్రసు వాడుకలో లేదు.

పాత మెషిన్ డిస్కు తుడిచేస్తే అయిపోతుంది. ఒక్క కమాండు. ఎవరికీ తెలీదు. రేపు తుడిచేస్తాను.

అయినా అతను అరిచాడా లేదా? అందరి ముందూ గెంటాడా లేదా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా బల్ల దగ్గరకొచ్చి నోటితో చెబితే ఏం పోయేది? పది అడుగుల దూరం! అది అతని తప్పే. అది మాత్రం అతని తప్పే.

జూన్ 20, బుధవారం

తుడవలేదు. డిస్కు వేడిగా ఉంది, చల్లారాక చేద్దామనుకున్నాను. డిస్కు వేడిగా ఉంటే తుడవకూడదని ఎక్కడా లేదు.

జూన్ 21, గురువారం

నాకు కావలసింది దొరికింది. పూర్తిగా దొరికింది.

మధ్యాహ్నం టీ వేళ అక్క అందరినీ వర్క్‌షాపులోకి పిలిచింది. బావ వచ్చి శాంపిలు ఉన్న అర కింద నిలబడ్డాడు. జేబులోంచి చీటీ తీశాడు. రాసుకొచ్చాడు, మాటలు మర్చిపోతానని.

"మేడమ్ రేపు లాగ్ చూపిస్తానన్నారట" అన్నాడు. "ఆ అవసరం లేదు. మూడుసార్లు పంపానని ఆవేళ నేనన్నాను. నాకిప్పుడు మతి సరిగా లేదు. అప్పుడే మొదలైందనుకుంటా. పంపానని అనుకున్నాను అంతే, పంపి ఉండను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను. తప్పు నాదే. మేడమ్... క్షమించాలి."

అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మేస్త్రి నా వైపు చూసి, "పోన్లేండి చిన్నమ్మా, మీ మాట నిలబడింది" అన్నాడు.

మూడేళ్ళు. స్నానం చేస్తూ, వంట చేస్తూ, బస్సు కోసం నిలబడి, ఈ మాటలే బావ నోట వినాలని ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో! ఊహించుకున్నదానికంటే బాగా చెప్పాడు.

"ఫర్వాలేదు" అన్నాను. టీ తాగాను.

బావ గదిలోకి వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. గడియ తీశాడు, వేశాడు, మళ్ళీ తీసి చూశాడు.

చాలా సంతోషంగా ఉంది. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను, అతను క్షమించమన్నాడని. "మరి ఏడుస్తావెందుకు?" అన్నాడు. నేనేం ఏడవడం లేదు.

జూన్ 22, శుక్రవారం

పదింటికి వెళ్ళాను. ముందు ఆ ఒక్క లైను తీసేశాను, బావ ఉత్తరాలు నాకు వచ్చేది. తర్వాత నా పాత పెట్టె కొత్త మెషిన్‌లోకి ఎక్కించాను, గోలతో సహా. తర్వాత ఉత్తరం రాశాను. సబ్జెక్టు: పరీక్ష.

చాలాసార్లు కొట్టేసి రాశాను. చివరికి ఇంతే మిగిలింది:

"ఇది కొత్త సర్వర్ నుంచి మొదటి ఉత్తరం. లాగ్ అతికించాను. బావగారు ఆసుపత్రి ఉత్తరం నాకు మూడుసార్లు పంపారు. మూడూ అందాయి. ఆయన ఉత్తరాలు చూడకూడదని నేను రాసుకున్న నియమం వల్ల అవి నేను తెరవని ఫోల్డర్లో పడ్డాయి. పెట్టె రోజూ ఖాళీ చేయమని ఆయనకి చెప్పింది నేనే, ఆ ఉత్తరం కూడా అతికించాను. ఆయన మతికి ఏమీ కాలేదు. ఈ సంగతి నాకు సోమవారమే తెలిసింది. నిన్న అందరి ముందూ ఆయన మాట్లాడుతుంటే నోరు మూసుకుని విన్నాను. ఈ పది రోజులూ ఆయన ఉత్తరాలు దొంగతనంగా చదివాను కూడా. అది ఇవాళ ఆపేశాను. అందినవాళ్ళు జవాబు రాయండి."

పంపాను. మెషిన్ సంతకం పడింది. ఎవరి దగ్గరా స్పామ్‌లో పడలేదు.

మేస్త్రి తన ఫోన్ చాలాసేపు చూశాడు. "అందింది." నా వైపు చూడలేదు.

తయారైన తూకాలు తనిఖీ చేసే బల్ల దగ్గర అక్క. "అందింది." ఆ వెంటనే లేచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "ఆ మనిషి డాక్టరు దగ్గరకి వెళ్ళాడే. గుడ్డివాడిలా చేత్తో తడిమి తడిమి తలుపులు చూసుకునేవాడే ఇంట్లో. నీకేం తెలుసే!" అంది. తెలుసు అన్నాను. అక్క వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

బావ జవాబు రాలేదు. అద్దాల గదిలో మానిటర్ వెలుతురు అతని కళ్ళజోడులో కనబడుతోంది. చదువుతున్నాడు. మళ్ళీ పైకి జరిపి చదువుతున్నాడు.

లేచి వెళ్ళిపోదామనిపించింది. కానీ ఆఖరి జవాబు వచ్చేదాకా లేవకూడదు, నా పద్ధతి. పదకొండైంది. పన్నెండైంది. అందరూ భోజనాలకి లేచారు. నేను కూర్చునే ఉన్నాను.

ఒంటిగంటకి బావ బయటికొచ్చాడు. నా పక్కనించే వెళ్ళాడు. వర్క్‌షాపులో స్టూలెక్కి ఆ శాంపిలు దించి, గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు. జేబులో చీటీలన్నీ తీసి ఆ పళ్ళెంలో పోశాడు. ముల్లు కదల్లేదు, వాటికేం బరువుంటుంది? తిరిగి వస్తూ నా కుర్చీ దగ్గర ఆగాడు.

"మూడేళ్ళు" అన్నాడు. "నన్ను నేనే నమ్మకుండా చేశావు. పగవాడు కూడా చేయడు."

"చేయడు బావగారూ" అన్నాను.

"నేను నిన్ను అందరి ముందూ అనకుండా ఉండాల్సింది."

ఇన్నాళ్ళూ అదే వినాలని చచ్చాను. ఇప్పుడది నా చేతుల్లో పెడుతుంటే తీసుకునే మొహం లేదు.

తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. గడియ ఒక్కసారే పడింది. మళ్ళీ తీసి చూసుకోలేదు. నేను విన్నాను.

రెండు దాటాక నా పెట్టెలో ఒకటి వచ్చింది, సర్వర్ చూసేవాళ్ళ కోసం ఉండే అడ్రసుకి. బావ దగ్గర్నుంచి. అందింది అని కాదు. సబ్జెక్టు ఎఫ్‌డబ్ల్యూ అని మొదలైంది. ఏదో కిరాణా గోదాముకి మూడు తూకాలు కావాలట, సోమవారంలోగా కొటేషన్ పంపాలట.

కింద ఒకటే మాట. చూడు.

చూశాను.